మోకాలి మార్పిడి: కాలు తిన్నగా పెట్టాలా, పాత వంపే ఉంచాలా?

మొన్న ఒకావిడ అడిగారు: "డాక్టర్ గారూ, నావి చిన్నప్పటినుంచీ కొంచెం దొడ్డికాళ్లే. ఆపరేషన్‌లో తిన్నగా చేసేస్తారా?"

మెకానికల్ ఎలైన్‌మెంట్‌లో తుంటి, మోకాలు, చీలమండ ఒకే గీత మీదికి వచ్చేలా ఎముక కోస్తాం. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న పద్ధతి ఇది. కానీ సహజంగా వంపున్న కాలుకి లిగమెంట్లు వదులు చేయాల్సి రావచ్చు. కైనమాటిక్‌లో అయితే అరగకముందు కాలు ఎలా ఉండేదో అలాగే తెస్తాం, లిగమెంట్లను వీలైనంత వరకు ముట్టుకోం.

2012లో బెల్జియంలో బెల్మాన్స్ బృందం ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల కాళ్లు కొలిచింది. మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం మందికి 3 డిగ్రీలు, ఆపైన వంపు సహజంగానే ఉంది!

మరి అందరికీ కైనమాటికేనా? కాదండీ. వంపు మరీ ఎక్కువైతే బరువంతా ఒకవైపే పడుతుంది. అందుకే ఒక హద్దు పెట్టుకుంటాం. ట్రయల్స్‌లో కూడా కొన్నిట్లో కైనమాటిక్ మేలనిపించింది, కొన్నిట్లో రెండూ సమానమే.

రోబో కోతకి పనిముట్టు మాత్రమే. ఎక్కడ కోయాలో చెప్పేది సర్జనే.

ఆవిడకి ఒకటే చెప్పాను: "అరుగుదల తెచ్చిన వంపు తీసేస్తానమ్మా, మీ సొంత వంపు కొంచెం ఉంచుతాను."

మీరూ తుంటి నుంచి పాదం దాకా ఎక్స్‌రే తీయించుకుని, మీ డాక్టర్ గారిని ఈ ప్రశ్న అడగండి.