అనుభవమునకు కొలత, విద్యకు గుర్తింపు
మన సంఘసభలో చేసిన ప్రసంగపాఠము



నేడు మేము విన్నవింపదలచిన విషయము చిన్నదిగ కనిపించును గాని మన కుటుంబములలో పలువురకు సంబంధించినది. కళాశాల గడప త్రొక్కక, పనిలోను జీవితములోను గడించిన విద్యను కళాశాలవారు లెక్కలోనికి తీసికొనవచ్చునా? తీసికొన్నచో ఏ కొలతతో తీసికొనవలెను?

షోలాపురమున తరతరములుగ స్థిరపడిన మన నేతవారిని చూడుడు. పడుగునకు పోగులెన్ని, పేకకు నూలెంత, ఏ రంగు ఉతుకునకు నిలుచును, ఒక చద్దరుపై కూలి పోను మిగులునది యేమి, ఈ లెక్కలన్నియు వారికి కరతలామలకములు. తంజావూరు సీమలోని మేలట్టూరులో నేటికిని తెలుగు నాటకములను భాగవతమేళముగ ఆడుచున్నారు. ఆ పాత్రధారులకు గానము, అభినయము, సాహిత్యము పెద్దల యొద్ద అభ్యాసముచేతనే అబ్బును. బళ్లారిలో, హోసూరులో, బరంపురములో అంగడి పద్దులు వ్రాయుచు, రెండు మూడు భాషలలో వ్యవహారము నడపు పెద్దలెందరో కలరు. అయినను దరఖాస్తు కాగితము వీరిని అడుగునది ఒక్కటే: "ఎంతవరకు చదివితిరి?" అచ్చట వారి కలము ఆగిపోవును.

ఈ ప్రశ్న ఇతర దేశములలో ఎన్నడో పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము సైనికులు తిరిగివచ్చినప్పుడు, సైన్యములో పొందిన శిక్షణకు ఎంత విలువ కట్టవచ్చునో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ అను సంస్థ కళాశాలలకు సూచింపసాగెను. 1970వ దశకమున ఈ భావము ఇతర వృత్తులవారికిని వ్యాపించెను. అభ్యర్థి తాను నేర్చినది వివరించి, నిదర్శనములతో ఒక సంపుటము కూర్చి సమర్పించును. అధ్యాపకులు దానిని పరిశీలించి, తమ పాఠ్యక్రమమున ఏ భాగమునకు సరిపోవునో నిర్ణయింతురు. ఫ్రాన్సు దేశము 2002లో శాసనము చేసి, అనుభవమును నిరూపించుకొన్నవారు పూర్తి పట్టమునే పొందుటకు వీలు కల్పించెను.

వీటికన్నిటికిని మూలసూత్ర మొక్కటే. విలువ గడచిన యేండ్లకు గాదు, నేర్చిన విద్యకు. ఇరువది యేండ్లు అంగడిలో కూర్చున్నంతమాత్రమున వాణిజ్యశాస్త్రము వచ్చినట్లు గాదు. ఈ పద్దు ఇట్లేల వ్రాసితివని అడిగిన, కారణము చెప్పగలుగవలెను.

మన దేశమున 1982లో హైదరాబాదునందు వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, అనగా నేటి డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, బడిచదువు లేనివారికి అర్హతపరీక్ష పెట్టి పట్టపు తరగతులలో చేర్చుకొనెను. అయితే మొదటి పట్టము లేకయే సార్వత్రిక పద్ధతిని పొందిన ఎం.ఏ. చెల్లదని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అది తమిళనాడునుండి వచ్చిన వ్యాజ్యమే. ప్రవేశము దొరకుట వేరు, ఉద్యోగమునకు చెల్లుట వేరు అను సంగతిని మనవారు మరువరాదు.

2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల వికాస యోజనలో పూర్వవిద్యను పరీక్షించి ధ్రువపత్రమిచ్చు ఏర్పాటు చేర్చిరి. అది వృత్తికి నిదర్శనమే గాని కళాశాల పట్టము గాదు. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ చట్రము మరియొక అడుగు ముందునకు వేసినది. దాని ప్రకారము 30 గంటల అభ్యాసమునకు ఒక క్రెడిట్. సంవత్సరమునకు 1200 గంటలు, 40 క్రెడిట్లు. తగిన పరీక్షకు నిలిచినచో వృత్తిశిక్షణయు, అనుభవమును ఈ లెక్కలో చేరవచ్చును. కాని చట్రము వచ్చినంతమాత్రమున ప్రతి కళాశాలయు ఇచ్చితీరునని తలపరాదు. ఆయా విశ్వవిద్యాలయముల నియమములను ముందుగ వ్రాతమూలముగ అడిగి తెలిసికొనవలెను.

కావున మనవారికి మేము చెప్పునవి ఇవి. చేసిన పనిని తేదీలతో వ్రాసి ఉంచుకొనుడు. యజమానినుండి, గురువునుండి పత్రములు తీసికొనుడు. నేసిన బట్ట నమూనాలు, ప్రదర్శనల కరపత్రములు, పద్దుపుస్తకములు దాచుడు. ఇంటిపేరు ఒక కాగితమున ముందును, ఒక కాగితమున వెనుకను, ఇంకొక కాగితమున పొడి అక్షరముగను ఉండుట మనవారికి నిత్యము ఎదురగు చిక్కు; దానిని మొదటనే సరిచేసికొనుడు. పరీక్ష లేకయే, రుసుము చెల్లించినచో అనుభవమునకు పట్టమిత్తుమను వారిని దరిచేరనీయకుడు.

తెలుగు మాటయు చెప్పవలెను. ఇంట ధారాళముగ తెలుగు మాటాడు మన పిల్లలలో పలువురు అక్షరములెరుగరు. మాట వారికి పుట్టుకతో వచ్చిన సొత్తు. చదువుట, వ్రాయుట నేర్చినచో అది పరీక్షకు నిలుచు విద్య యగును. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ సెకండరీ పరీక్షలో తెలుగు ఒక పాఠ్యవిషయముగ కలదు. నడుమ బడి మానినవారికి ఆ మార్గము తగినది.

ఇట్లు చేసిన పట్టముల గౌరవము తగ్గునని కొందరందురు. పరీక్ష సడలించినచో తగ్గును; ద్వారము మాత్రము విశాలము చేసినచో తగ్గదు. మేము కోరునది దయ గాదు. మా నేతగాండ్ర చేతిలో, మా తల్లుల నోట, మా భాగవతుల కంఠమున ఉన్న విద్యను న్యాయముగ పరీక్షింపుడు. నిలిచిన మేరకు లెక్కింపుడు. అంతమాత్రమే మా మనవి.