చదువు మాన్పిస్తే శిక్ష ఎవరికి పడ్డట్టు?

(ఇంటర్, డిగ్రీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కలిసి కూర్చున్న సభలో ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీల్లో ఆడపిల్లల మీద జరిగే లైంగిక హింస గురించి మాట్లాడమన్నారు. తల్లీకూతుళ్లు కూడా గుసగుసగా చెప్పుకునే సంగతి మైకులో ఏమిటని కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు. గుసగుసల్లో ఉన్నంతకాలం లాభం తప్పు చేసినవాడికే. అందుకే మైకులో మాట్లాడాలి.

బస్సులోనో, క్లాసులోనో, హాస్టల్లోనో తనకేదో జరిగిందని పిల్ల ఇంటికొచ్చి నోరు విప్పిందనుకోండి. మనం అనే మొదటి మాట ఏంటి? "రేపట్నుంచి కాలేజీకి పోవద్దు." రెండో మాట? "సంబంధం చూడండి." వాడు మర్నాడు దర్జాగా కాలేజీకి పోతాడు, పరీక్షలు రాస్తాడు. మన పిల్ల మిరపకాయల కోతకు పోతుంది. ఇప్పుడు చెప్పండి, శిక్ష ఎవరికి పడ్డట్టు?

ఇది చూసిన మిగతా ఆడపిల్లలు ఏం నేర్చుకుంటారు? చెబితే చదువు పోతుందని నేర్చుకుంటారు. నోరు మూసుకుంటారు. వాడికి కావాల్సిందీ అదే.

కలిగిన కులాల పిల్ల ఒక కాలేజీ మానితే ఇంకో ఊళ్లో చేర్పిస్తారు. మన పేటలో ఆ ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి ఆడపిల్ల ఆమే అయి ఉంటుంది. ఆమె ఆగిందంటే వెనక వచ్చే చెల్లెళ్ల చదువూ ఆగినట్టే. 1848లో పుణేలో సావిత్రిబాయి ఫూలే ఆడపిల్లలకు పాఠాలు చెప్పబోతే దారిలో ఆమె మీద పేడ, బురద విసిరారు. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుపోయింది. బడికి చేరాక చీర మార్చుకుని పాఠం చెప్పింది. బడి మాత్రం మానలేదు. ఇవాళ నేను చెప్పేది ఇదొక్కటే: కేసూ నిలబడాలి, చదువూ నిలబడాలి. ఒకదాని కోసం ఇంకోటి వదులుకోవద్దు.

ముందు మాటలు సరిచేసుకుందాం. "ఈవ్ టీజింగ్" అంటారు, "కుర్రాళ్ల అల్లరి" అంటారు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. వద్దన్నా వెంటపడటం, ఫోన్లో వేధించడం అందులో 78వ సెక్షన్ కింద నేరం. బట్టలు మార్చుకుంటుంటే చాటుగా చూడటం, వీడియో తీయడం, దాన్ని పదిమందికి పంపడం 77వ సెక్షన్. ఇష్టం లేకుండా ఒంటి మీద చెయ్యి వేయడం, పడక కోరిక కోరడం, బూతు మాటలనడం 75వ సెక్షన్. ఇవి అల్లరి పనులా?

"మానభంగం" అంటాం. "పిల్ల చెడిపోయింది" అంటాం. చెడినవాడు వాడైతే చెడ్డపేరు పిల్లకెందుకు? ఒప్పుకోలు లేకపోతే అది రేప్. ఒంటి మీద దెబ్బలుండాలనేం లేదు. ఈ మాట చట్టంలోకి ఊరికే రాలేదు. 1972లో మహారాష్ట్రలో దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ అమ్మాయిని పోలీసులు చెరిచారు. గాయాల్లేవు, ఎదురు తిరగలేదు అని 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్నీ వదిలేసింది. దేశమంతటా ఆడవాళ్లు రోడ్డెక్కితే 1983లో చట్టం మారింది. శరీరంతో ఎదిరించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని 2013లో ఇంకా స్పష్టంగా రాశారు.

కాలేజీల్లో ఇవాళ ఉన్న కమిటీల వెనకా ఒక పేదింటి ఆడమనిషి ఉంది. రాజస్థాన్‌లో భటేరీ అనే ఊళ్లో కుమ్మరి కులానికి చెందిన భన్వరీ దేవి ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో పనిచేసేది. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992 సెప్టెంబరులో పెత్తందారీ కులాల వాళ్లు ఆమెను చెరిచారు. 1995లో కింది కోర్టు వాళ్లను రేప్ నేరం నుంచి వదిలేసింది. పై కులం మగాడు కింది కులం ఆడదాన్ని ముట్టడన్న వాదం ఆ తీర్పులోకి ఎక్కింది. పొలంలో, చీకట్లో గుర్తురాని అంటు కోర్టు మెట్లెక్కగానే గుర్తొచ్చింది! ఆమె మీద జరిగిన ఘోరం చూసి మహిళా సంఘాలు ఆ తీర్పుకు ముందే సుప్రీంకోర్టుకు పోయాయి, 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, కేసు వేసిన సంస్థ పేరు. ఆ తీర్పు పునాది మీదే 2013లో చట్టం, కాలేజీల కోసం యూజీసీ 2015 నిబంధనలు వచ్చాయి.

వాటి ప్రకారం ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే. సగం మందికి తగ్గకుండా మహిళలుండాలి. బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. విద్యార్థుల ఫిర్యాదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చుంటారు. జరిగిన 3 నెలల్లోపు రాసివ్వాలి. తగిన కారణముంటే ఇంకో 3 నెలలు గడువిస్తారు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. కమిటీ వేయని యాజమాన్యానికి 50,000 రూపాయల దాకా జరిమానా. మీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఆ కమిటీ పేర్లున్నాయా? రేపే చూడండి. లేకపోతే పదిమంది కలిసి ప్రిన్సిపాల్‌కు కాగితం ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి.

ఇంటర్ పిల్లలకు చాలామందికి 18 నిండి ఉండవు. వాళ్లకు 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. విషయం తెలిసిన టీచరు, వార్డెను, ప్రిన్సిపాల్ పోలీసులకు చెప్పకపోతే అదీ నేరమే. "కాలేజీ పరువు పోతుంది" అని తొక్కిపెట్టే హక్కు మా ఉద్యోగాల్లో ఎవరికీ లేదు.

ఇక పోలీస్ స్టేషన్. "మా పరిధి కాదు" అని పంపేస్తే ఊరుకోవద్దు. ఏ స్టేషన్లోనైనా ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఎస్సై తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. ఒంటి మీది బట్టలు ఉతకొద్దు, కాగితం సంచిలో పెట్టండి. ఫోన్లో మెసేజీలు చెరిపేయొద్దు. ఆస్పత్రిలో, ప్రైవేటుదైనా సరే, వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని, చేస్తే తప్పుగా చూస్తామని 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు చెప్పింది.

ఫిర్యాదులో కులం రాయండి, వాడికి మన కులం తెలుసని కూడా రాయండి. ఇదెందుకంటే, ఆంధ్రప్రదేశ్‌లో చూపులేని ఒక ఎస్సీ యువతి కేసులో 2021 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రేప్ శిక్షను ఖాయం చేసింది గానీ, అట్రాసిటీ శిక్షను కొట్టేసింది. కులం కారణంగానే చేశాడనడానికి సాక్ష్యం లేదంది. ఆ నేరం పాత చట్టం నాటిది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం కులం తెలిసి చేస్తే చాలు. మనల్ని, మన కుటుంబాన్ని ఎరిగినవాడైతే కులం తెలుసనే కోర్టు అనుకోవాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. రేప్ కేసులో బాధితురాలికి 5 లక్షలు, సామూహిక రేప్ అయితే 8 లక్షల 25 వేలు పరిహారం. సగం డబ్బు వైద్య నివేదిక రాగానే రావాలి. ఈ డబ్బు పిల్ల చదువుకు కూడా పనికొస్తుంది. కేసు రాజీకి మాత్రం ఇది ధర కాదు. ఊరి పెద్దమనుషులు లక్షో, అరెకరమో అంటారు. రేప్ రాజీ కుదుర్చుకునే కేసు కాదు.

ఇప్పుడు తమ్ముళ్లకు ఒక మాట. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదివే అమ్మాయిని చెరిచి చంపారు. ఒక పేద దళిత యువకుణ్ణి పట్టుకొచ్చారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టేనాటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గాడు. ఆ పిల్లకూ న్యాయం జరగలేదు, ఈ పిల్లాడికీ జరగలేదు. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికినప్పుడు కూడా "మా ఆడవాళ్లను అల్లరి పెట్టారు" అనే ప్రచారం చేశారు. అందుకే మన పిల్లల మీద అబద్ధపు నింద వేస్తే తిరగబడతాం.

కానీ నిజంగానే మనోడు తప్పు చేస్తే? మన సంఘంలో తిరిగేవాడే, జెండా పట్టేవాడే, సంఘంలోని చెల్లెలి మీద చెయ్యి వేస్తే? "ఉద్యమానికి చెడ్డపేరొస్తుంది, ఊరుకో అమ్మా" అంటామా? అలా అంటే కాలేజీ పరువు పేరుతో తొక్కిపెట్టే ప్రిన్సిపాల్‌కూ మనకూ తేడా ఏముంది? అంబేద్కర్ ఫొటో ముందు నిలబడే ప్రతి కుర్రాడూ దీనికి జవాబు చెప్పుకోవాలి.

తల్లిదండ్రులారా, ఇంకో భయం కూడా నాకుంది. ఇదంతా విని పిల్ల ఫోన్ లాక్కుంటారేమో, ఇష్టపడి ఎవర్నయినా ప్రేమిస్తే దాన్నీ నేరమంటారేమో. అది కాదు నేను చెప్పేది. పిల్ల ఇష్టం వేరు, మోసం వేరు. పెళ్లాడే ఉద్దేశమే లేకుండా పెళ్లి మాటిచ్చి లొంగదీసుకుని, తర్వాత "మా కులం ఒప్పుకోదు" అనేవాడికి 69వ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా జైలుంది. కేసు వాడి మీద పెట్టండి, కాపలా పిల్ల మీద పెట్టకండి.

చేయాల్సిన పని చెప్పి ముగిస్తాను. పిల్ల చెప్పగానే "నువ్వెందుకు పోయావు అక్కడికి?" అనొద్దు. "నీ తప్పు లేదు, మేమున్నాం" అనండి. ఆ వారంలోనే పేట నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఆమెతో పాటు కాలేజీ దాకా వెళ్లండి. హాజరు తగ్గకుండా, పరీక్ష పోకుండా సంఘం చూసుకోవాలి. ఈ నంబర్లు పేట గోడ మీద రాయండి: పోలీసు 112, మహిళలకు 181, చిన్నపిల్లలకు 1098, అట్రాసిటీ ఫిర్యాదుకు 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది.

కోర్టుకు వాడు పోవాలి. కాలేజీకి మన పిల్ల పోవాలి. జై భీమ్.