జిక్కి కంఠంలో నెరజాణ



పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో సినిమా పాటను గురించిన ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. కామాటిపుర చాళ్ళలో తెలుగు పుస్తకం లేని ఖోలీలు ఉండవచ్చును గాని తెలుగు పాట వినబడని ఖోలీ అరుదు. రేడియోలో, గ్రామఫోను రికార్డులో, ఆ తరువాత క్యాసెట్టులో విన్న పాటల ద్వారానే ఇక్కడి ఎందరో బిడ్డలకు గ్రాంథికమైన తెలుగు మాటలు మొట్టమొదట పరిచయమైనవి. వాచకం ఆ పని తరువాత చేసింది. కనుక ఒక పాటను శ్రద్ధగా పరిశీలించడం బడి పనికి దూరమైన విషయమేమీ కాదు.

ఆ పాట 1991లో విడుదలైన 'ఆదిత్య 369' చిత్రంలోని 'జాణవులే'. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, ఇళయరాజా సంగీతంతో వచ్చిన ఆ చిత్రం కాలయంత్రపు కథ. కథానాయకుడు ఆ యంత్రమెక్కి 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువులోకి వెళ్ళి పడతాడు. చిత్రాన్ని తలచుకొనేవారు కాలయంత్రాన్ని తలచుకొంటారు, కృష్ణదేవరాయలుగా బాలకృష్ణ వేషాన్ని తలచుకొంటారు, పాటల ప్రసక్తి వస్తే బాలసుబ్రహ్మణ్యం, జానకి పాడిన 'రాసలీల వేళ'ను మెచ్చుకొంటారు. ఆ మెప్పు న్యాయమైనదే. 'జాణవులే' పాటను కూడ జనం మరచిపోలేదు. అయితే అది ఆస్థానంలో జరిగిన సరదా నాట్యంగా, బాలు గారి చమత్కారంగా మాత్రమే గుర్తున్నది. అందులో బాలసుబ్రహ్మణ్యానికి దీటుగా వినిపించే స్త్రీ కంఠం ఎవరిదని ప్రశ్నిస్తే, పాటను ఆసాంతం పాడగలిగినవారు సైతం తడుముకొంటారు. ఆ కంఠం జిక్కిది. అప్పటికి ఆమె వయస్సు యాభై దాటింది.

జిక్కి అసలు పేరు పి.జి. కృష్ణవేణి. 1943లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'పంతులమ్మ' చిత్రంలో చిన్న వేషంతో ఆమె సినీ ప్రవేశం జరిగింది. చిత్రం పేరు ఈ సభలోని ఉపాధ్యాయినులకు సంతోషం కలిగించక మానదు. 1948లో వచ్చిన తమిళ చిత్రం 'జ్ఞానసౌందరి'లో ఒక ప్రార్థనా గీతం ఉన్నది. పాట సాగుతుండగానే కథలోని బాలిక యువతిగా ఎదుగుతుంది. బాలికగా ఉన్నంతవరకు వినిపించేది జిక్కి కంఠం, ఎదిగిన తరువాత వినిపించేది పి.ఎ. పెరియనాయకి కంఠం. అంటే ఒకే పాటలో గడిచిపోయిన కాలానికి మొదటి సగం జిక్కి. ఈ సంగతిని శ్రోతలు కొంచెం గుర్తుంచుకోవలసి ఉన్నది.

ఆమె పాటకు బొంబాయితో గల సంబంధం చాలమందికి తెలియదు. 1955లో 'రోజులు మారాయి' చిత్రానికి మాస్టర్ వేణు సంగీతంలో ఆమె పాడిన ఏరువాక పాట, వహీదా రెహమాన్ నాట్యంతో ఆంధ్రదేశమంతటా మారుమ్రోగింది. ఆ బాణీయే 1960లో 'బంబయీ కా బాబు' అనే హిందీ చిత్రంలో, సచిన్ దేవ్ బర్మన్ సంగీతంలో, ఆశా భోంస్లే గొంతుతో ఈ నగరపు వీధులలో తిరిగింది. నాగలి చూసి ఎరుగని వీధులలో ఏరువాక బాణీ పలికిందన్న మాట! 1957 నాటి 'సువర్ణసుందరి'లో ఘంటసాల, జిక్కి కలిసి పాడిన రాగమాలిక హిందీలో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీల పాలయింది. ఎదురుదారిలో కూడ ఒక రాకపోక జరిగింది. రాజ్ కపూర్ 'ఆహ్' తెలుగులో 'ప్రేమలేఖలు'గా వచ్చినప్పుడు శంకర్-జైకిషన్ బాణీలను తెలుగువారికి తమవిగా చేసి ఇచ్చినవి ఎ.ఎం. రాజా, జిక్కి కంఠాలే.

రాజా చిత్తూరు జిల్లావారు. గాయకుడే గాక సంగీత దర్శకుడు. జిక్కిని వివాహమాడారు. చిత్రాలలోను, కచేరీ వేదికల మీద కూడ ఆ దంపతులు జంటగా పాడారు. ఇతర దేశాలలో పాటల బృందాలకు లభించిన ఆదరణ వంటిది ఆనాడు దక్షిణాదిన ఈ జంటకు లభించిందంటే అతిశయోక్తి కాదు. 1960ల నాటికి సుశీల, జానకి గార్ల కంఠాలు ముందుకు వచ్చినవి. రాజాకు, జిక్కికి అవకాశాలు తగ్గినవి. ఇందులో ఒకరిని నిందించవలసినది లేదు. సినిమా సంగీతం యౌవనాన్ని కోరుతుంది, ఏటేటా కొత్తదాన్ని కోరుతుంది. 1989లో రాజా రైలు ప్రమాదంలో మరణించారు. జంటలో ఒక కంఠం శాశ్వతంగా మూగపోయింది. ఆ తరువాత రెండేళ్ళకే జిక్కి ఈ పాట పాడారు.

ఇళయరాజా ఆమెను ఎందుకు ఎన్నుకొన్నారో పాటే చెబుతుంది. కథ పదహారవ శతాబ్దంలోకి వెళ్ళింది. భువనవిజయాన్ని కన్నులకు చూపడానికి స్తంభాలు, ఆభరణాలు, పట్టుబట్టలు చాలును. చెవికి చూపడం ఎలాగు? రాయల కాలపు గానం ఎలా ఉండేదో విన్నవారు లేరు, రికార్డులు లేవు. శ్రోతలకు అందుబాటులో ఉన్న 'పాతకాలం' ఒక్కటే, తమ తల్లిదండ్రుల చిన్ననాటి పాట. 1950ల కంఠం ఒకటి వినిపించగానే శ్రోత మనస్సు తనంతట తానే వెనుకకు నడుస్తుంది. తెర మీద యంత్రం చేసినట్లు నటించిన పనిని ఆ కంఠం నిజంగా చేసింది. కొత్త గాయనిచేత పాతకాలపు ఫక్కీలో పాడించవచ్చును గదా అంటే, అది అనుకరణ అయ్యేది. జిక్కి అనుకరించవలసిన అవసరం లేదు.

కంఠం మారలేదని అనడం సత్యదూరం. ఏరువాక పాటలోని సన్నని, గంట వంటి నాదం, పసిపిల్ల మాటలోని ఆ తొందర ఇక్కడ లేవు. నాదం కొంత బరువెక్కింది, అంచు కొంచెం గరుకైంది. దానికి బదులుగా వచ్చినది నిలకడ. పదాన్ని పట్టుకొని, విరిచి, దాని అర్థం తెలిసి శ్రోతకు అప్పగించడం. పాటలో అలంకార శాస్త్రానికి చెందిన సంస్కృత పదాలు దొర్లుతాయి. నాలుక తిరగనివారు వాటిని మింగివేస్తారు. జిక్కి ఉచ్చారణలో ఒక్క అక్షరం నలగదు. పదో తరగతి పద్యభాగం చదివే పిల్లలకు వినిపించదగిన ఉచ్చారణ అది. బాలసుబ్రహ్మణ్యం గొంతులో కొంటెతనం ఉన్నది, నవ్వు ఉన్నది. ఆయన చమత్కారానికి ఆమె లొంగదు, అదరదు, పోటీకి దిగి కేకలు వేయదు. సభలో తన స్థానం ఎరిగిన విదుషి సమాధానం చెప్పినట్లు చెబుతుంది.

పాటకు ప్రాణమైన 'నెరజాణ' అన్న మాటను గురించి కొంత చెప్పుకోక తప్పదు. జాణ అంటే నేర్పరి, విద్య తెలిసినది, మాట తెలిసినది. కాలక్రమేణ వాడుకలో ఆ మాట చులకనై వగలాడి అనే అర్థానికి జారింది. నెర అంటే నిండైన, పరిపక్వమైన. జుట్టు నెరిసిందన్నప్పుడు కూడ చెవికి తగిలేది ఆ ధ్వనే. పద్దెనిమిదేళ్ళ పిల్ల జాణ కావచ్చును. నెరజాణ అనిపించుకోవడానికి కొంత కాలం గడవాలి. ఆ సంబోధనకు పాత్రురాలైన నర్తకికి యాభై దాటిన కంఠాన్ని అమర్చడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది.

తెర మీద ఆ నర్తకి పేరు సింహనందిని. పాదాలతో అడుగులు వేస్తూ నేల మీద సింహం బొమ్మను రూపొందించే కూచిపూడి నృత్యవిశేషానికి గల పేరు అది. ఆ పాత్రను ధరించినది సిల్క్ స్మిత. 1996లో ఆమె మరణించేనాటికి లోకం ఆమెను ఒకే రకంగా చూడడానికి అలవాటుపడి ఉన్నది. ఈ పాటలో ఆమె రాజనర్తకిగా ఎంత హుందాగా నిలబడిందో గమనించినవారు కొద్దిమంది. కామాటిపుర వాసులకు ఈ సంగతి వివరించి చెప్పవలసిన పని లేదు. నిజాం రాజ్యం నుండి వచ్చి ఈ నగరపు కట్టడాలకు రాళ్ళు మోసిన కామాటీల పేరు మీద వెలసిన పేట ఇది. మేస్త్రీలు, మిల్లు కార్మికులు, సాలెవారు, వారి బడులు, వారి గుళ్ళు ఉన్న పేట. నగరం మాత్రం దీని పేరును ఒకే అర్థంలో ఉచ్చరిస్తుంది. ఉద్యోగానికి వెళ్ళిన పూర్వ విద్యార్థులు చిరునామా చెప్పడానికి ఎన్నిసార్లు సంకోచించి ఉంటారో వారికే తెలుసును. జాణ అనే మాటకు పట్టిన గతే ఒక పేట పేరుకు పట్టింది.

కళాకారుల చివరి దశలోని పనిని లోకం ఆలస్యంగా గుర్తించడం తెలుగునాట మాత్రమే జరిగే విషయం కాదు. స్వీడన్ దేశపు ఆబ్బా బృందం ప్రపంచమంతటా జయభేరి మోగించిన తరువాత, 1982లో, 'ద డే బిఫోర్ యూ కేమ్' అనే పాటను విడుదల చేసింది. ఒక సామాన్య ఉద్యోగిని దినచర్యను గురించిన నెమ్మదైన పాట. బ్రిటన్ జాబితాలో అది 32వ స్థానాన్ని దాటి పైకి పోలేదు. తరువాతి కాలంలో అదే వారి శ్రేష్ఠమైన పాటలలో ఒకటిగా పరిగణన పొందింది. ఆ బృందం నుండి జనం నృత్యగీతం ఆశించారు గనుక అది వారి చెవికి ఎక్కలేదు. జిక్కి విషయంలో ఇబ్బంది మరొక విధమైనది. పాట చెవికెక్కింది, పాడినవారు ఎక్కలేదు.

ఈ సభలో ఈ పాట ప్రస్తావనకు అసలు కారణం చాళ్ళలోని ముసలమ్మలు. ఏటా బతుకమ్మ పండుగకు ఈ గల్లీలలో స్త్రీలు వలయంగా నిలబడి చప్పట్లు కొట్టి ఆడతారు. పాట ఎత్తుకొనేది ఎవరు? కంఠమాధుర్యం గల యువతి కాదు. చరణాలు తెలిసిన పెద్దావిడ. ఆమె గొంతు బొంగురుపోయి ఉండవచ్చును, ఊపిరి చాలక మధ్యలో ఆగవచ్చును. ఆమె ఎత్తుకొంటేనే తక్కినవారు అందుకొంటారు. పల్లెలలో ఈనాడు వాడుక తప్పిన తెలంగాణ మాటలు కొన్ని ఆ చరణాలలో భద్రంగా ఉన్నవి, మధ్య మధ్య మరాఠీ మాటలను కలుపుకొని. ఊరు విడిచినవారు ఊరి భాషను ఏనాటిదానిని ఆనాటిదిగానే మూటగట్టుకొని తెచ్చుకొంటారు గదా.

ఇటీవలి కాలంలో ఆ వలయం చుట్టూ పెద్ద స్పీకర్లు వచ్చినవి. రికార్డయిన బతుకమ్మ పాట మ్రోగుతుంది, పిల్లలు దానికి అడుగులు వేస్తారు, పెద్దావిడ కుర్చీలో కూర్చుని చూస్తుంది. బడి వార్షికోత్సవాలలో కూడ ఇదే వరస. వేదిక మీద పాడే పిల్లవాడికి మైకు ఉన్నది, అతని నాయనమ్మకు చివరి వరుసలో కుర్చీ ఉన్నది. తెలుగు మాధ్యమంలో చేరే పిల్లల సంఖ్య ఏటేటా తగ్గుతున్న ఈ నగరంలో, ఆ కుర్చీ ఖాళీ అయిననాడు పోయే మాటలు ఏ నిఘంటువులోను దొరకవు. వాటిని ఉపాధ్యాయులు నేర్పలేరు, వారికి తెలియవు గనుక. ఇళయరాజా ఒక పాత కంఠాన్ని జాలిపడి పిలవలేదు. ఆ పని మరొకరివల్ల కాదు గనుక పిలిచారు. పెద్దావిడ చేతికి మైకు ఇవ్వడం కూడ అటువంటి అవసరమే, మర్యాద కోసం చేసే సత్కారం కాదు.

ఈ పని ఖర్చుతో కూడినది కాదు. ప్రతి ఇంటిలోను నేడు చేతిఫోను ఉన్నది. ఆరు నుండి పది తరగతుల విద్యార్థులు ఒక్కొక్కరు తమ ఇంటి పెద్దావిడచేత ఒక్క పాట, అది బతుకమ్మ పాట గానీ, దంపుడు పాట గానీ, పిల్లను అత్తవారింటికి పంపే అప్పగింతల పాట గానీ, పాడించి తీసుకొని రావచ్చును. అర్థం కాని మాటలు ఆమెనే అడిగి పక్కన వ్రాసుకోవాలి. రాగం తప్పినదని, గొంతు బాగోలేదని మధ్యలో ఆపరాదు. ఆమె ఆగిన చోట పిల్లవాడు కూడ ఆగి వేచి ఉండాలి.

జిక్కి 2004లో కన్నుమూశారు. 'ఆదిత్య 369' 2025లో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఈ సాయంకాలం పిల్లల కార్యక్రమానికి ముందు ఆ పాటను ఈ ప్రాంగణంలో వినిపించడం జరుగుతుంది. దానికి ముందు 1955 నాటి ఏరువాక పాట వస్తుంది. రెండింటి నడుమ ముప్పది ఆరు సంవత్సరాల అంతరం ఉన్నది. పాడినది ఎవరో ముందుగా చెప్పకుండా, రెండు కంఠాలు ఒకరివేనా అని పిల్లలను అడిగి చూడవచ్చును. వెనుక వరుసలో కూర్చున్నవారు తొందరపడి సమాధానం చెప్పవద్దని ప్రార్థన.