గట్టు లెక్క, పడవ లెక్క

(స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాస నిధిని ఏర్పాటు చేసిన కుటుంబంవారు నన్ను ఒక్కటే కోరారు. తమ తండ్రిగారి గుణగణాలు వర్ణించవద్దన్నారు, ఆయన ఉద్యోగమంతా గడిపిన కాలువల గురించీ, వాటి మీద తిరిగిన పడవల గురించీ మాట్లాడమన్నారు. ఏ వక్తకైనా ఇంతకంటే సుఖమైన షరతు దొరకదు. పొగడ్త నాకు చేతకాదు. కాలువల మీదైతే ఎంతసేపైనా మాట్లాడగలను, కాబట్టి అధ్యక్షులవారు మొహమాటపడకుండా గంట కొట్టాలి.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. పాపికొండలు చూడటానికి గండిపోచమ్మ రేవు నుంచి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. బోటులో ఉన్నది 77 మంది, ప్రాణాలతో బయటపడింది 26 మంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 38వ రోజున, అక్టోబరు 22న, ఆ బోటును పైకి లాగింది. ఇంతవరకూ మీకందరికీ తెలిసినదే. నేను చెప్పదలచుకున్నది మరో అంకె గురించి.

ఆ రోజు గోదావరిలో పారుతున్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులు చేరినప్పుడు, అంటే ప్రవాహం దాదాపు 10 లక్షల క్యూసెక్కులు ఉన్నప్పుడు. రెండో హెచ్చరిక 13.75 అడుగుల దగ్గర, మూడోది 17.75 దగ్గర. ఆ ఆదివారం నది మొదటి హెచ్చరికలో సగానికి అటూ ఇటూగా ఉందన్నమాట. గట్టు మీద నిలబడి చూసేవాడికి అది భయపడాల్సిన గోదావరి కాదు. లంకల్లో ఎవరూ మూటాముల్లే సర్దుకోనక్కర్లేదు, గట్టు మీద ఇసుక బస్తాలు పేర్చనక్కర్లేదు. కానీ రాజమండ్రి దగ్గర రెండు మూడు కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే నీరంతా పాపికొండల సందులో, కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లలో ఒదిగి రావాలి. అక్కడ ఆ నీటికి వెడల్పు లేదు కాబట్టి లోతూ వేగమూ తెచ్చుకుంటుంది. కొండకు కొట్టుకుని వెనక్కి మళ్ళుతుంది, సుడి తిరుగుతుంది. రెండంతస్తుల బోటుకు ఆ 5 లక్షలే మూడో ప్రమాద హెచ్చరిక.

మన హెచ్చరికలన్నీ ఊళ్ళకూ పొలాలకూ గట్లకూ కట్టినవి. అవి కావలసినవే, 1986 వరద చూసినవారికి నేను చెప్పాల్సిన పని లేదు. నీటి మీద ఉన్న మనిషి కోసం కట్టిన కొలత మాత్రం మన దగ్గర లేకుండా పోయింది. ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు.

1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. వరి పండించిన మహానుభావుడిగా ఆయనకు మన జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి. ఆయన మనసులో సగం పడవల మీద ఉండేదన్న సంగతి ఆ విగ్రహాలు చెప్పవు. రైలుకంటే నీటిదారి చవక అని ఆయన బతికినంతకాలం వాదించాడు. రైళ్ళ మీద పెట్టుబడి పెట్టినవాళ్ళకు ఆయనంటే గిట్టేది కాదు. కాకినాడ నుంచి ధవళేశ్వరం, అక్కడ గోదావరి దాటి విజ్జేశ్వరం, ఏలూరు కాలువ మీద విజయవాడ, కృష్ణ దాటితే కొమ్మమూరు కాలువ, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ, ఆ పైన మద్రాసు. ఇదంతా పడవ దిగకుండా వెళ్ళగలిగిన దారి. బకింగ్‌హాం కాలువ 1806లో మద్రాసుకు ఉత్తరాన చిన్న ముక్కగా మొదలైంది. 1876-78 కరువులో కూలికోసం వచ్చిన జనం చేత తవ్వించి దాన్ని కలిపారు. ఆనాటి గవర్నరు పేరే దానికి మిగిలింది, తవ్వినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

ఒకే కాలువ అటు పొలానికీ ఇటు పడవకూ పనికిరావడం తేలిక కాదు. పొలానికి నీరు పరిగెత్తాలి, అందుకు వాలు కావాలి. పడవకు వాలుతో పనిలేదు, నిలకడా లోతూ కావాలి. రెంటికీ పొత్తు కుదిర్చింది లాకు. వాలునంతా కాలువ పొడుగునా పరచకుండా అక్కడక్కడా ఒకేచోటికి కుదించి, అక్కడ రెండు జతల తలుపులతో తొట్టి కట్టారు. తలుపుల రెక్కలు ఎగువవైపుకు కోణంగా మూసుకుంటాయి, ఎగువ నీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. ఎంత బలవంతుడైనా రెండువైపులా నీళ్ళు సమం కాకుండా వాటిని తెరవలేడు. దిగువ నుంచి పడవ తొట్టిలోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, ఎగువ తూములు ఎత్తుతారు. నీళ్ళు నిండుతున్నకొద్దీ పడవ లేస్తుంది. మట్టాలు కలిశాక ఎగువ తలుపులు తీస్తారు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులను మీలో చాలామంది సినిమాల్లో చూసే ఉంటారు. ఏ హీరోయిన్ వెనకా ఆ తలుపుల పనితనం సరిగా కనిపించలేదని నా ఫిర్యాదు.

లాకు అంటే ఆ ఇనుమూ రాయీ మాత్రమే కాదు. అక్కడొక సూపరింటెండెంటు, లస్కర్లు. ఏ పడవ ఎప్పుడు వచ్చింది, ఏ సరుకు, కాలువలో మట్టమెంత, పైనుంచి ఎంత వదులుతున్నారు, ఇవన్నీ వాళ్ళ చేతుల మీదుగా నడిచేవి. పడవ ఆగాలని సూపరింటెండెంటు అంటే ఆగాల్సిందే. సరంగుతో వాదన ఉండేది, మామూళ్ళూ ఉండేవి, లేవని నేననను. అయినా "ఇవాళ వద్దు" అనే మాటకు ఒక మనిషి ఉండేవాడు.

పడవలో బతుకు సుఖమైనదేమీ కాదు. ఎదురు నీటికి పోవాలంటే తాడు భుజాన వేసుకుని గట్టు వెంట మనుషులు లాగాల్సిందే. లోతు తగ్గినచోట గెడ, గాలి అనుకూలిస్తే తెరచాప. ధాన్యం, కొబ్బరి, ఉప్పు, కలప, పెంకు. శ్రీహరికోట వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీద మద్రాసు పొయ్యిల దాకా వెళ్ళేది. పెళ్ళాంపిల్లలు పడవలోనే, వంట పడవలోనే. పాలగుమ్మి పద్మరాజుగారు తమ మంచి కథల్లో ఒకదాన్ని, "పడవ ప్రయాణం", అలాంటి పడవ మీదే నడిపించారు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే ఆ కుటుంబాలకు కూలి ఉండేది కాదు. రైతుకు అది పంట కోసుకున్నాక వచ్చే తీరిక. పడవవాడికి పస్తుల నెల. పొలానికీ పడవకూ తగాదా వస్తే పొలమే గెలిచేదనడానికి ఆ కాలువ కట్టే తేదీలే సాక్ష్యం. రెండో పంట పెరిగాక ఆ తగాదా కూడా లేకుండా పోయింది, పడవ తరఫున అడిగేవాడే లేడు.

రైలు వచ్చి పడవను చంపిందంటారు. సగం నిజం. ఎగువ గోదావరి సంగతిలో అది పూర్తి నిజం: వార్ధా పత్తిని కాకినాడకు దించాలని దుమ్ముగూడెం దగ్గర మొదలుపెట్టిన నీటిదారి పనులను 1871లో వదిలేశారు. అప్పటికే నాగపూరుకు రైలు చేరింది. డెల్టాలో మాత్రం హేవ్‌లాక్ వంతెన మీద రైళ్ళు నడిచిన తర్వాత కూడా కాలువ పడవలు దశాబ్దాలు తిరిగాయి. వాటిని తరిమింది లారీ, ఆ లారీ కోసం మనం కాలువల మీద కట్టిన పొట్టి వంతెనలు. కింద పడవ పోవాలన్న ఆలోచన లేకుండా గీసిన వంతెనలవి. అడ్డం కట్టినవాళ్ళెవరూ పడవకు శత్రువులు కారు. వాళ్ళకు పడవ గుర్తు రాలేదు, అంతే.

కాలువ పోయినా నది మిగిలింది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు, కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటు, లంకల్లోకి పడవలు, మన్యంలోకి లాంచీలు. వీటిని నడిపే పద్ధతికి మూలం 1890 నాటి మద్రాసు చట్టం, కాలువలకూ రేవులకూ కలిపి చేసింది. రేవును వేలం వేస్తారు, ఎక్కువ పాడినవాడికి ఇస్తారు. పాడిన డబ్బు తలకింత చొప్పునే రావాలి. వరద రోజుల్లో పడవ కట్టేస్తే నష్టం పాటదారుది. అలాంటప్పుడు "ఇంకో పదిమంది ఎక్కండి" అనేది ఆయన దురాశ అని తిట్టి ఊరుకోవడం నాకు న్యాయంగా తోచదు. ఆ దురాశను పాట షరతుల్లోనే మనం రాసిపెట్టాం.

మన కళ్ళముందే జరిగిన పడవ ప్రమాదాలు వరసగా చూడండి. 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమం: అనుమతి లేని బోటు, పట్టేదానికి మించిన జనం. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ: ఈదురుగాలి, వాన జల్లు రాకుండా తలుపులు మూసుకుని లోపలే చిక్కుకుపోయిన గిరిజనులు. ఆ రోజు కాటన్ జయంతి, విగ్రహాలకు దండలు పడ్డ రోజు. అదే ఏడాది జూలైలో పశువుల్లంక: కడుతున్న వంతెన స్తంభానికి పడవ తగిలి బడిపిల్లలు నీళ్ళలో పడ్డారు. ఆపై కచ్చులూరు. ఒకచోట జనం, ఒకచోట గాలి, ఒకచోట స్తంభం, ఒకచోట ప్రవాహం. నాలుగూ నాలుగు రకాలు. మనం నాలుగుసార్లూ లైఫ్ జాకెట్ల గురించే మాట్లాడాం. మంటూరులో మూసిన తలుపుల వెనక జాకెట్ వేసుకున్నవాడు కప్పుకు తేలి అక్కడే ఉండిపోతాడు.

నీళ్ళు ఒక శాఖవి, బోటు రిజిస్ట్రేషన్ మరొకరిది, పర్యాటకులు ఇంకొకరి వారు, రేవు పంచాయతీది, శవాలు పోలీసులవి. 1917 నాటి అంతర్గత నౌకల చట్టం స్థానంలో 2021లో కొత్తది వచ్చింది. మంచిదే. కానీ సర్వే సర్టిఫికెట్ పడవ గట్టితనం గురించి చెబుతుంది, ఇవాళ పొద్దున నది ఎలా ఉందో చెప్పదు. కేరళలో 1968 నుంచి జలరవాణాకు విడిగా ఒక శాఖ ఉంది. అందువల్ల ప్రమాదాలు ఆగాయా? ఆగలేదు. 2002లో కుమరకం దగ్గర మునిగి 29 మందిని పొట్టన పెట్టుకున్నది ఆ శాఖ పడవే. అయినా ఎవరిని నిలదీయాలో అక్కడి జనానికి తెలుసు.

మన దగ్గర పెద్ద ప్రకటనలకు కొదవ లేదు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలనూ, గోదావరి, కృష్ణల్లో కొంత భాగాన్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గమన్నారు, 1,078 కిలోమీటర్లు. 2017 అక్టోబరులో ముక్త్యాల, విజయవాడల మధ్య 82 కిలోమీటర్లకు శంకుస్థాపన జరిగింది. రాజధానికి ఇసుకా సిమెంటూ మోయాలని ఉద్దేశం, తర్వాత కొన్నేళ్ళు ఆ రాజధాని పనులే ఆగాయి. నాకు ఆ పథకం మీద కోపం లేదు. ముందు లాంచీ క్షేమంగా నడిచే పద్ధతి నేర్చుకుంటే బార్జీల సంగతి తర్వాత చూసుకోవచ్చునని మాత్రం అంటాను.

కచ్చులూరు తర్వాత ప్రభుత్వం బోట్ల కోసం తొమ్మిది కంట్రోల్ రూములు తలపెట్టింది. ఆలోచన సరైనదే. ఆ గదులను నేను అడిగేవి మూడు. ప్రతి రేవులోనూ పడవలకు విడిగా మట్టం రాయి పాతాలి. గెడ పడవకు ఒక గీత, ఇంజను పడవకు ఒకటి, రెండంతస్తుల బోటుకు మరొకటి. ఆ గీతలు ఇంజనీర్లు ఒక్కరే గీయకూడదు, ముప్పై ఏళ్ళు ఆ మలుపుల్లో తిరిగిన సరంగుల్ని పక్కన కూర్చోబెట్టుకుని గీయాలి. భద్రాచలంలో పెరిగిన నీరు పాపికొండలకు చేరడానికి గంటలు పడుతుంది, కేంద్ర జలసంఘం కొలతలు ఎలాగూ ఉన్నాయి. కాబట్టి ముందుగా చెప్పడానికి వ్యవధి ఉంది, చెప్పాలి. ఇక పడవ కట్టేసిన రోజులకు రేవు పాటలోంచి డబ్బు తగ్గించాలి. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ సున్నం కొట్టిన రాళ్ళుగా మిగులుతాయి.

ఇంకొక్క మాట. పోలవరం నిండితే, పూర్తి మట్టం 45.72 మీటర్ల దగ్గర నీళ్ళు నిలబడితే, ఇప్పటిదాకా మనం చెప్పుకున్న సుడులూ మలుపులూ చాలావరకు అడుగున పడిపోతాయి. పారే నది స్థానంలో కొండల మధ్య వెడల్పైన జలాశయం వస్తుంది. అక్కడ భయం ప్రవాహం నుంచి కాదు, గాలి నుంచి, అల నుంచి, నీళ్ళ కింద నిలిచిపోయిన చెట్ల మోళ్ళ నుంచి. మంటూరు గాలి గుర్తుంచుకోండి. పాత గీతలు అప్పుడు పనికిరావు. గాలి ఎంత ఉంటే లాంచీ కట్టేయాలి, ఎక్కడెక్కడ చెట్లు ముందే నరకాలి, కొత్త ఒడ్డున రేవులు ఎక్కడ పెట్టాలి, ప్రాజెక్టు పటంలో ఉన్న పడవల లాకును ఏ శాఖ మనిషి నడుపుతాడు, ఇవన్నీ నీళ్ళు ఎక్కకముందే, నేల ఇంకా కనిపిస్తుండగానే తేల్చాలి.