సంతకం పెట్టే ముందు ఇంకో డాక్టర్‌ను అడుగుదాం

(వైరాలో జరిగిన రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మద్దతు ధర గురించి, కౌలు రైతుల కష్టాల గురించి ఇప్పటిదాకా పెద్దలు మాట్లాడారు. నేను ఆసుపత్రి గురించి మాట్లాడతాను. ఇది రైతు సమస్య కాదనుకోవద్దు. మన ఊళ్లలో ఎవరి అప్పుల లెక్క విప్పినా పంట పెట్టుబడి పక్కనే ఆసుపత్రి ఖర్చు ఉంటుంది. ఖమ్మం మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు ఇల్లు చేరకుండానే ఆసుపత్రి కౌంటర్‌లో కట్టిన కుటుంబాలు మనందరికీ తెలుసు.

నేను డాక్టర్లకు వ్యతిరేకిని కాదు. చెప్పేది ఒక్కటే. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, ఒంట్లోకి గొట్టం పంపే పరీక్షకైనా, ముక్క తీసే పరీక్షకైనా, మత్తు ఇచ్చి చేసే పరీక్షకైనా సంతకం పెట్టే ముందు ఆ కాగితాలు ఇంకో డాక్టర్‌కు చూపించాలి.

2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చింది గుర్తుందా? తోట మొహం చూడకుండానే మందుల కొట్లో వారానికో కొత్త డబ్బా చేతిలో పెట్టారు. డబ్బా అమ్ముడుపోతే లాభపడేది ఎవరో, ఏ మందు కొట్టాలో చెప్పేదీ వాళ్లే. ఆసుపత్రిలోనూ పరీక్ష అవసరమని చెప్పేవారు, దానికి బిల్లు వేసేవారు ఒక్కరే. అలాంటప్పుడు ఆ బిల్లుతో సంబంధం లేని మనిషిని అడగడం అనుమానం కాదు, జాగ్రత్త.

యాంజియోగ్రామ్ సంగతే చూడండి. మణికట్టు దగ్గరో, తొడ దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. మంచి పరీక్షే. కానీ రక్తస్రావం కావచ్చు, రంగు మందు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు, అరుదుగా ప్రాణానికీ ముప్పు రావచ్చు. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. మనిషి బల్ల మీద ఉండగానే బయట కూర్చున్న భార్యనో కొడుకునో పిలిచి, బ్లాకులున్నాయి, ఇప్పుడే స్టెంట్ వేయాలి, సంతకం పెట్టమంటారు. ఆ నిమిషంలో ఎవరు వద్దనగలరు?

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. ధర తగ్గింది సరే, అది అందరికీ అవసరమా? ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనం 37 దేశాల్లో 5,179 మందిని పరిశీలించి 2020లో ఫలితం ప్రచురించింది. గుండె జబ్బు నిలకడగా ఉన్నవాళ్లలో మొదటే స్టెంటో, బైపాసో చేయడం వల్ల, మందులతో మొదలుపెట్టిన వాళ్లకంటే మరణాలు తగ్గలేదు. తరచూ నొప్పి వచ్చేవాళ్లకు మాత్రం ఉపశమనం ఎక్కువ దొరికింది. అయితే ఎడమవైపు ప్రధాన రక్తనాళంలో అడ్డు ఉన్నవాళ్లు, గుండె బాగా బలహీనపడినవాళ్లు ఆ లెక్కలో లేరు. అందుకే మనది ఏ రకమో తెలుసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. గుండెపోటులో ప్రతి నిమిషం విలువైనదే. అప్పుడు రెండో డాక్టర్ కోసం తిరగకూడదు.

మా దగ్గర ఇద్దరి సంగతి చెబుతాను. ఒక కౌలు రైతుకు ఛాతీలో మంట వస్తే, ఆ రోజే యాంజియోగ్రామ్ చేయాలన్నారు. ఈసీజీ, రక్త పరీక్ష కాగితాలు పట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, ఇది కడుపులో మంట అని మందులిచ్చారు. ఇంకొకరికి రెండో డాక్టర్ కూడా యాంజియోగ్రామ్ చేయించుకోవాల్సిందే అన్నాడు. చేయించుకున్నాడు, బైపాస్ అయింది, ఇప్పుడు పొలానికి వెళ్తున్నాడు. రెండో మాట అడగడమంటే వైద్యం మానుకోవడం కాదు. మొదటి డాక్టర్ చెప్పింది నిజమైతే, ధైర్యంగా ఒప్పుకోవడానికీ అదే దారి.

అక్కచెల్లెళ్ల విషయం ఇంకా బాధాకరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. మన ఆడవాళ్లకే ఇన్ని జబ్బులా?

ఢిల్లీలో ఒకామె అధిక రక్తస్రావానికి కారణం తెలుసుకునేందుకు లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది: పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదు. ప్రాణాపాయం ఉంటే తప్ప, మేజర్ అయిన మనిషి స్పృహలోకి వచ్చి తానే ఒప్పుకునేదాకా ఆగాల్సిందే. కాబట్టి సంతకం పెట్టే కాగితంలో ‘పరీక్ష మాత్రమే’ అని రాయించండి.

డాక్టర్‌ను నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ పరీక్షతో నా వైద్యంలో ఏం మారుతుంది? గొట్టం, కోత లేని పరీక్షతో తెలుసుకోలేమా? దీనివల్ల ఏం ప్రమాదం ఉంది? వారం ఆగితే ఏమవుతుంది? చివరి ప్రశ్న మరీ ముఖ్యం. గడ్డ ఉండి క్యాన్సర్ అనుమానం ఉంటే ముక్క పరీక్ష నెలల తరబడి వాయిదా వేయకండి. రెండో డాక్టర్‌ను ఆ వారంలోనే కలవండి.

కాగితాలు ఇవ్వమంటే ఊరుకోకండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం రోగి అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవడాన్నీ, ఇవ్వడాన్నీ అదే నియమావళి నిషేధించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకునే హక్కు కూడా ఉంది. దాన్ని అమలు చేయమని 2019లో కేంద్రం రాష్ట్రాలకు రాసింది.

ఎక్కడికి వెళ్లాలంటారా? ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రికి 2022లో గుండె పరీక్షల క్యాథ్ ల్యాబ్ వచ్చింది, 2023లో మెడికల్ కాలేజీ మొదలైంది. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఉన్నాయి. క్యాన్సర్‌కు ఎంఎన్‌జే ఉంది. బస్సు చార్జీ, ఒక రోజు కూలీ పోతుంది. ఎకరం తాకట్టు పెట్టడం కంటే అది తక్కువే.

చివరగా సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ప్రతి గ్రామ కమిటీ నుంచి ఇద్దరిని, అందులో ఒక మహిళను, ఈ పనికి కేటాయిద్దాం. వాళ్లు వైద్యం చెప్పరు. రోగి వెంట వెళ్తారు, ఆ నాలుగు ప్రశ్నలు అడుగుతారు, కాగితాలు తెస్తారు. భయపడ్డ మనిషి చేత సంతకం పెట్టించడం తేలిక. పక్కన తోడుంటే అంత తేలిక కాదు. దీన్ని ఈ రోజే ఆమోదించి, పేర్లు రాసుకుని వెళ్దామని కోరుతున్నాను.