పసిపిల్లల విరేచనాలు – మనం మరిచిపోతున్న మాట
(స్వర్ణోత్సవ సభలో పిల్లల వైద్యులైన పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

పండుగ సభలో విరేచనాల గురించి మాట్లాడుతున్నానని నవ్వుకోకండి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి పది నెలల బిడ్డను తెచ్చారు. కళ్లు గుంటలు పడ్డాయి. ఏడుస్తున్నా కన్నీళ్లు లేవు. "నీళ్లు పడితే విరేచనాలు ఎక్కువవుతాయన్నారు సార్, అందుకే పట్టలేదు" అంది తల్లి. బిడ్డ దక్కలేదు. తప్పు ఆమెది కాదు. చెప్పాల్సిన వాళ్లం ముందే చెప్పలేదు.

ఇలాంటి జబ్బు వెనక తరచు ఉండేది రోటా వైరస్. 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం జబ్బుపడ్డ పిల్లల పేగుపొరను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి దీన్ని కనిపెట్టింది. చక్రంలా ఉంటుంది కనుక, లాటిన్‌లో చక్రమని అర్థమిచ్చే 'రోటా' పేరు వచ్చింది. టీకా రాకముందు ధనిక దేశాల్లోనైనా పేద దేశాల్లోనైనా ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు అందరికీ ఇది సోకేది. చావులు మాత్రం ఎక్కువగా పేద దేశాల్లోనే. ప్రాణం తీసేది ఒంట్లోని నీరూ లవణాలూ పోవడం. అవి వేళకు తిరిగి అందిన బిడ్డ బతుకుతుంది, అందని బిడ్డ పోతుంది.

వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. మొదటి విరేచనం నుంచే ఓఆర్ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టాలి. తల్లిపాలు, తిండి మానకూడదు. డాక్టరు చెప్పిన మోతాదులో జింక్ 14 రోజులు ఇవ్వాలి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

టీకా కూడా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల నుంచి వేరుచేసిన వైరస్ రకంతో మన హైదరాబాదులోనే భారత్ బయోటెక్ 'రోటావాక్' తయారుచేసింది. 2016లో ప్రభుత్వం రోటా టీకాను ఉచితంగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లో చుక్కలుగా వేస్తారు. తీవ్రమైన జబ్బును ఇది బాగా తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. పైగా విరేచనాలకు వేరే వైరస్‌లూ, బాక్టీరియాలూ ఉన్నాయి. అందుకే టీకా వేయించినా ఇంట్లో ప్యాకెట్ ఉండాల్సిందే.

గురువులకు ఒక్క మనవి. లీటరు ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు మంచినీళ్లలో కలపడం, 24 గంటలు దాటితే పారబోయడం మన బడి పిల్లలకు చేతులతో చేయించి నేర్పండి. ఇంటికెళ్లి వాళ్లే అమ్మకు చెబుతారు. ఆ రాత్రి ఆ తల్లికి అలా చెప్పేవాళ్లు ఒక్కరున్నా చాలు, బిడ్డ బతికేదేమో.

సెలవు.