మచ్చను దాచకండి



వేడి గిన్నె తగిలితే చురుక్కుమంటుంది. వెంటనే చేయి వెనక్కి తీసుకుంటాం. ఆ చురుకును మనకు తెలిపేది ఏది? మన చర్మమే.

మన ఒళ్లంతా కంటికి కనిపించని కణాలతో తయారయింది. నూలు పోగులు కలిస్తే బట్ట. ఒకే రకం కణాలు కలిస్తే కణజాలం. అలాంటి కణజాలాలు కొన్ని కలిసి చర్మం అయ్యాయి.

చర్మంలో రెండు పొరలున్నాయి. పై పొర కంచె లాంటిది. దుమ్మునీ, క్రిములనీ లోపలికి రానివ్వదు. లోపలి పొరలో రక్తనాళాలు, చెమట గ్రంథులు, నరాల కొసలు ఉంటాయి. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. నరాల వల్ల వేడి, చలి, నొప్పి తెలుస్తాయి.

మా పెద్దమ్మ చేతి మీద పాలిపోయిన మచ్చ వచ్చింది. దురద లేదు, నొప్పి లేదు. ఒకరోజు గంజి వారుస్తుంటే అక్కడే కాలింది. ఆమెకు తెలియనే లేదు! అది కుష్టు. నలుగురూ వెలివేస్తారని రెండేళ్లు కొంగు చాటున దాచింది. ఈలోగా నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోయాయి. తర్వాత మందులు వాడింది. రోగం పోయింది. వంకర పోలేదు.

కుష్టు శాపం కాదు, పాపం కాదు. ఒక క్రిమి వల్ల వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. రోగాన్ని బట్టి 6 నెలలో, 12 నెలలో మానకుండా వాడితే నయమవుతుంది.

రేపు పగటి వెలుతురులో ఇంట్లో అందరి ఒళ్లూ చూడండి. మచ్చ ఉంటే కళ్లు మూసుకోమని దూదితో తాకండి. తెలియలేదంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.